పాపను ఎత్తుకోగానే వచ్చిన కన్నీళ్లు దేవుడికి సాక్ష్యమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పోయిన నెలలో పాప పుట్టింది. లేబర్ రూమ్ బయట నర్సు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టగానే ఒళ్లు గగుర్పొడిచింది, గొంతు పూడుకుపోయింది, ఏడ్చేశారు. పైన ఒకడున్నాడని ఆ క్షణంలో ఎవరూ చెప్పకుండానే తెలిసిందన్నారు. బారసాలనాడు ఇదే మాట అంటే మీ బావమరిది "అదంతా ఆక్సిటోసిన్ బావా" అని నవ్వేశాడు. ఇంత ప్రేమ, ఇంత అందమైన ప్రకృతి ఊరికే వచ్చాయా, ఇదంతా దేవుణ్ణే సూచిస్తుంది కదా, దేవుడున్నాడనడానికి ఇవి చాలవా, బావమరిదికి ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు నా సంగతి. 31 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. మొదట్లో అడిగిన కుర్రాణ్ణి నాలుగు మాటల్లో చిత్తు చేసి కూర్చోబెట్టేవాణ్ణి. వయసుతో పాటు ఆ సరదా తీరిపోయింది. సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. రుజువు కింద అయితే చాలవు. అలాగని మీ బావమరిది గెలిచినట్టూ కాదు. అతను చెప్పింది అసలు మీరడిగినదానికి జవాబే కాదు.

గగుర్పాటు, గొంతు పూడుకుపోవడం, కన్నీళ్లు. మీకు తెలియకుండానే నాట్యశాస్త్రం రాసిన భరతముని జాబితా వల్లించారు. అందులో చెప్పిన సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం (కొయ్యబారిపోవడం), స్వేదం (చెమట), రోమాంచం (గగుర్పాటు), స్వరభేదం (గొంతు మారిపోవడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). మనసు పూర్తిగా లగ్నమైతే తప్ప తెచ్చిపెట్టుకుందామన్నా రానివి. ఎనిమిదింటిలో మీకు మూడు వచ్చాయి. అయితే ఇవి ఒక్క భక్తి సొత్తు కావు. దెయ్యం కథ విన్నా రోమాంచమే, రథం కదులుతుంటే చూసినా రోమాంచమే. విస్మయానికి అద్భుతం అనే రసాన్ని భరతుడు విడిగా ఇచ్చాడు. ఆయన లెక్కలో భక్తి అనే రసం లేదు. దాన్ని రసాల్లోకెల్లా పెద్దదిగా నిలబెట్టి శాస్త్రం రాసింది 16వ శతాబ్దంలో రూపగోస్వామి అనే వైష్ణవ ఆచార్యుడు. అంటే నోరు తెరుచుకుపోయే ఆశ్చర్యానికి దేవుడు ఉండి తీరాలని మన ఆలంకారికులు పట్టుబట్టలేదు. డార్విన్ 1872లో మనుషుల, జంతువుల ఉద్వేగాల మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లికి భయమేస్తే బొచ్చు నిక్కబొడుచుకుంటుంది కదా, మన గగుర్పాటు కూడా దాని వారసత్వమే అంటాడు. మనకు బొచ్చు పోయింది, దాన్ని లేపే కండరం మిగిలింది.

ఇక మీ బావమరిది ఆక్సిటోసిన్. పిల్లల్ని ఎత్తుకునే తండ్రుల్లోనూ అది పెరుగుతుందని కొలిచిన మాట నిజమే. కానీ "అదంతా అదే" అనడంలోనే తొందర ఉంది. అమెరికాలో ప్రెయిరీ వోల్ అని ఎలుకలాంటి జంతువు ఉంది. జంట కడితే మామూలుగా విడిపోదు. ఆక్సిటోసిన్‌ను ప్రేమ హార్మోన్ అని అందరూ పిలవడానికి ఈ ఎలుక కూడా ఒక కారణం. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకమే లేకుండా జన్యువు మార్చి వీటిని పుట్టించారు. అయినా జంటలు కట్టాయి, పిల్లల్ని పెంచాయి. పరిశోధకులే ఆశ్చర్యపోయారు. కాబట్టి సంగతి ఒక్క సీసాలో పట్టేది కాదు.

పోనీ, మొత్తం రసాయనాల పట్టిక దొరికిందే అనుకుందాం. అప్పుడు మాత్రం? మామిడిపండు చూస్తున్నప్పుడూ మెదడులో ఏవో రసాయనాలు కదులుతాయి. అంతమాత్రాన పండు లేదంటామా? భావం ఎలా పుట్టిందో చెప్పడం వేరు, ఆ భావం దేన్ని గురించో అది ఉందా లేదా అని తేల్చడం వేరు. మీ బావమరిది మొదటిది చెప్పి రెండోది తేల్చేశాననుకున్నాడు. మీరు మాత్రం తక్కువ తిన్నారా? భావం గట్టిగా ఉంది కాబట్టి అది చూపించే వస్తువూ ఉండి తీరాలన్నారు. కలలో పులి తరిమినప్పుడు కూడా భయం నికార్సయినదే కదా.

"సూచిస్తుంది" అనే మాట వాడారు మీరు. దాన్ని మన తార్కికులు బాగా నలిపారు. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందంటాం. ఎందుకని? వంటింట్లో పొగ, నిప్పు కలిసి ఉండటం వెయ్యిసార్లు చూశాం కాబట్టి. ఆ తోడునే వ్యాప్తి అన్నారు. వ్యాప్తి లేకపోతే అనుమానం నడవదు. (అనుమానం అంటే ఇక్కడ శంక కాదు, ఊహించి తెలుసుకోవడం. ప్రతి ఏడాదీ మొదటి వారమంతా ఈ ఒక్క మాట విప్పడానికే సరిపోయేది నాకు.) నైయాయికులు, అంటే న్యాయదర్శనం అనే తర్కశాస్త్రం వాళ్లు, దీన్నే జగత్తుకు పట్టించారు. కుండ ఉంటే కుమ్మరి ఉంటాడు. భూమి, మొలక కూడా కుండలాగే ఏర్పడినవి. కనుక వాటికీ కర్త ఉన్నాడు. 10, 11 శతాబ్దాల నాటి ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీన్ని అందరికంటే గట్టిగా వాదించాడు. ఆయన పూరీ వెళితే గుడి తలుపులు మూసి ఉన్నాయని, "ఐశ్వర్యమదంతో ఉన్నావు గానీ బౌద్ధులు వచ్చిన రోజున నీ ఉనికి నా చేతిలో ఉంది" అని జగన్నాథుడితోనే అన్నాడని ఒక కథ. నిజమో కాదో గానీ వాదం మీద ఆయనకున్న ధీమాకు సరిగ్గా సరిపోతుంది.

ఆయనకు చాలా ముందే, 7వ శతాబ్దంలో, ధర్మకీర్తి అనే బౌద్ధుడు ఒక్క ఉదాహరణతో ఈ వాదానికి చిల్లు పొడిచాడు. ఏమిటంటే పుట్ట. కుండ మట్టితో అయింది, కుమ్మరి చేశాడు. మట్టితో అయినవన్నీ కుమ్మరే చేశాడంటే పుట్టను కూడా కుమ్మరి ఖాతాలో వెయ్యాలి కదా అన్నాడు. మనం నాగుల చవితికి పాలు పోసే పుట్టే. దాన్ని చెదపురుగులు కడతాయి, మేస్త్రీ ఉండడు, ప్లాను ఉండదు. ఒకటి తెచ్చిపెట్టిన మట్టిముద్దే రెండోదాన్ని అక్కడే ఇంకో ముద్ద పెట్టేలా పురిగొల్పుతుందని గ్రాసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1959లో వివరించాడు. గోడలు, గదులు, గాలి ఆడే దారులు అలాగే లేస్తాయి.

మీ బావమరిదికి దేవుడు లేడని పుస్తకాలు రాసిన డాకిన్స్ పేరు బహుశా తెలిసి ఉంటుంది, మన కుమారిలుడి పేరు తెలియదు. వేదాన్ని ప్రాణంగా నమ్మిన మీమాంసకుడాయన, అంటే వేదకర్మలకే పెద్దపీట వేసే దర్శనం మనిషి. అయినా సృష్టికర్తను ఒప్పుకోలేదు. దయతో సృష్టించాడంటారా, ఇంకా ఎవరూ పుట్టకముందు దయ ఎవరి మీద? పోనీ దయే అయితే సుఖం ఒక్కటే సృష్టించాలిగా? ఇవీ ఆయన అడిగినవి. రామానుజులవారి సంగతి ఇంకా ముచ్చటైనది. పాశురాలు వింటూ కన్నీరు పెట్టుకునే సంప్రదాయానికి ఆచార్యుడు. బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన శ్రీభాష్యంలో మూడో సూత్రం దగ్గర ఆగి, ఈ కుండ కుమ్మరి వాదంతో ఈశ్వరుడు రుజువు కాడు అని నైయాయికులను ఏకంగా కడిగేశాడు. పెద్ద మేడను ఒక్కడు కట్టడు, పదిమంది కడతారు. మనం చూసిన కర్తలందరికీ ఒళ్లుంది, శక్తికి హద్దుంది. ఆ లెక్కన జగత్తుకు అలాంటి పదిమంది కర్తలు తేలతారు గానీ నారాయణుడు తేలడు. ఆయన్ని తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదమే దారి, ఊహ కాదు అన్నాడు. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చనిపోయిన మూడేళ్లకు, 1779లో అచ్చయిన పుస్తకంలోనూ సుమారుగా ఇదే ఎత్తిపొడుపు కనిపిస్తుంది. పరమ భక్తుడూ పరమ సంశయవాదీ ఒకే గుంటలో వేలు పెట్టారంటే అక్కడ నిజంగా గుంట ఉందనే నా నమ్మకం.

మా ఇంటి కిటికీ చువ్వకు ఇప్పుడో గూడు ఉంది. కందిరీగ కట్టింది. ఉసిరికాయంత. అచ్చం కుండ, పైన మెడ కూడా తిప్పింది. నాలుగు రోజులు పక్కనే కుర్చీ వేసుకుని చూశాను. తడిమట్టి ఉండ పట్టుకొస్తుంది, ముందుకాళ్లతో అద్దుతుంది, మళ్లీ పోతుంది. నేర్పినవాళ్లు లేరు, తల్లిని అది చూసి కూడా ఉండదు. తర్వాత ఆకుపచ్చ గొంగళిపురుగుల్ని ఒక్కొక్కటే తెచ్చి లోపల పెట్టింది. అవి చచ్చినవి కావు. కొండితో కుట్టి కదలకుండా చేసినవి, అంతే. పైన మూత వేసి వెళ్లిపోయింది. లోపల గుడ్డు పిగులుతుంది, పిల్ల పురుగు ఆ గొంగళిపురుగుల్ని తాజాగా తింటూ పెరుగుతుంది.

దీన్ని మన పెద్దలూ చూశారు. మూసిన గూట్లోకి పురుగు వెళ్లింది, కొన్నాళ్లకు తుమ్మెద బయటికొచ్చింది. కాబట్టి కీటకం తుమ్మెదనే ధ్యానించి తుమ్మెద అయిందన్నారు. భ్రమరకీటక న్యాయం. జీవుడు దేవుణ్ణి ధ్యానించి దేవుడవుతాడనడానికి ఇంతకంటే చక్కని పోలిక లేదని ఎన్ని ప్రవచనాల్లో విన్నామో. డార్విన్ చూసింది కందిరీగల్లోనే ఇంకో రకాన్ని, బతికున్న గొంగళిపురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టేదాన్ని. దయగల దేవుడు కావాలని ఇలాంటిదాన్ని సృష్టించాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదని 1860లో ఆసా గ్రే అనే మిత్రుడికి రాశాడు. ఇద్దరూ చూసింది దాదాపు ఒకే తంతు. ఒకరికి మోక్షం కనిపించింది, ఒకరికి క్రూరత్వం. మరి గూడు దేన్ని సూచించినట్టు?

భౌతికశాస్త్రం వైపు నుంచి వచ్చే వాదం ఒకటుంది, అది వీటికంటే బలమైనది కాబట్టి దాటేయకూడదు. నక్షత్రాల కడుపులో కార్బన్ తయారవాలంటే దాని కేంద్రకానికి ఫలానా శక్తి దగ్గర ఒక స్థితి ఉండి తీరాలని 1953లో ఫ్రెడ్ హోయిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ముందే చెప్పాడు. వెతికితే 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. కాస్త అటూ ఇటూ అయితే ఇంత కార్బన్ లేదు, మీరూ నేనూ లేము. దేవుడి మాట ఎత్తితే విసుక్కునే హోయిల్ కూడా తర్వాత, ఎవరో మహామేధావి భౌతికశాస్త్రంలో వేలు పెట్టినట్టుందని రాశాడు. నిజమే, ఆలోచించాల్సిందే. కానీ వంటింటి పొగ గుర్తుంది కదా? మనం చూసింది ఒక్క విశ్వాన్నే. పది విశ్వాలు, వాటిని చేసిన పదిమంది కర్తలు పక్కపక్కన కనిపించి ఉంటే వ్యాప్తి దొరికేది.

ఇంతదాకా చెప్పింది క్లాసులో చెప్పేది. ఇప్పుడు చెప్పబోయేది ఎప్పుడూ చెప్పలేదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన. అప్పటికి నాకు 19 ఏళ్లు, విజయవాడ హాస్టల్లో ఉన్నాను. పులిగడ్డ దాటాక నడకే. మూడో రోజుకు మా ఊరు చేరాను, ఊరు అని తెలుసుకోవడానికి గుడి అరుగు ఒక్కటే మిగిలింది. నాగుల చవితి వెళ్లి వారం కూడా కాలేదు. మా చెల్లి పాలు పోసిన పుట్ట ఉన్నచోట ఉప్పునీటి మడుగు. చెల్లి దొరకలేదు. దానికి 11 ఏళ్లు. మొత్తం మీద పదివేల మందికి పైగా పోయారు. ఆ రోజు ఆకాశం కడిగిన పళ్లెంలా నీలంగా మెరుస్తోంది. కింద శవాలు, పశువుల కళేబరాలు, కోతకొచ్చి పడిపోయిన వరి. పైన అంత అందం. ఎవరైనా సూర్యోదయాన్ని దేవుడి సంతకం అంటే నాకు ఆ ఆకాశం గుర్తొస్తుంది. ప్రకృతిని సాక్షిగా బోనెక్కిస్తే మనకు నచ్చిన రెండు ముక్కలు విని దింపేస్తే ఎలా? మొత్తం వినాలి.

మా అమ్మా నాన్నా రాత్రంతా ఒకే తాటిచెట్టును కరుచుకుని బతికారు. అమ్మ చివరిదాకా చెప్పింది ఒకటే మాట: "ఆయనే పట్టుకున్నాడురా, నా చేతుల్లో అంత బలం ఎక్కడిది." నాన్న మళ్లీ గుడిమెట్లు ఎక్కలేదు. "పిల్లను వదిలిపెట్టినవాడు మనల్ని పట్టుకున్నాడా?" అని ఒకే ఒక్కసారి అన్నాడు, ఆ పైన ఆ విషయమే ఎత్తలేదు. ఒకే రాత్రి, ఒకే చెట్టు, ఒకే దుఃఖం. ఇద్దరిలో ఎవరు తెలివితక్కువ అని అడిగితే నేను చెప్పలేను. 31 ఏళ్లు తర్కం చెప్పినవాణ్ణి, మా ఇంటి ఉదాహరణకే తీర్పు ఇవ్వలేకపోయాను.

ఊళ్లో మాత్రం "పాపం పండింది, అందుకే" అన్నవాళ్లు ఉన్నారు. ఈ మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వస్తే, అది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అన్నాడు. అంటరానితనం మీద గాంధీ చేస్తున్న పోరాటమంటే ఠాగూర్‌కు ఎంతో గౌరవం, అయినా ఊరుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికీ మనుషుల నీతికీ ముడిపెట్టడం తప్పని, అలా పెడితే అమాయకుల్ని చంపి బుద్ధి చెప్పే విధికంటే మనిషే నీతిమంతుడని తేలుతుందని రాశాడు. గాంధీ ఆ ఉత్తరాన్ని తన హరిజన్ పత్రికలోనే వేసి, తన నమ్మకాన్ని తను వదలనని జవాబిచ్చాడు. ఇద్దరూ దేవుణ్ణి నమ్మినవాళ్లే. నేను ఠాగూర్ వైపు. మా చెల్లి ఏ పాపం చేసిందని?

ఆ తర్వాతి నెలల్లో మా లంకల్లోకి కాషాయం కట్టినవాళ్లు వచ్చారు, మెళ్లో సిలువ ఉన్నవాళ్లు వచ్చారు, దేవుడు లేడనేవాళ్లూ వచ్చారు. కుళ్లిన శవాన్ని ఎత్తేటప్పుడు ముగ్గురూ ముక్కుకు తువ్వాలు ఒకేలా కట్టుకున్నారు. దయ ఉందనడానికి అది సాక్ష్యం, ఒప్పుకుంటాను. అది ఎక్కణ్ణుంచి వచ్చిందనే ప్రశ్నకు ముగ్గురూ మూడు జవాబులు చెప్పేవాళ్లు.

అయితే మీకు కలిగింది ఏమిటి మరి? నా ఉద్దేశం చెప్తాను, తీర్పు కింద తీసుకోకండి. మీరు నమ్మకం ఉన్న ఇంట్లో పెరిగారు. మనసు పట్టలేనంత నిండినప్పుడు దానికి మీ ఇంట్లో ఉన్న పేరు పెట్టుకున్నారు. పేరు మీది. నిండటం మాత్రం అబద్ధం కాదు, దాన్ని ఆక్సిటోసిన్ అన్నా తగ్గదు, దేవుడన్నా పెరగదు. మన పోతన భాగవతంలో ఏనుగునే చూడండి. మొసలి పట్టుకుని లాగుతుంటే, ఓడిపోతున్నప్పుడు, ప్రార్థన మధ్యలోనే "కలఁడో లేఁడో" అని సందేహపడింది. దీనుల పట్ల ఉంటాడంటారు, యోగుల పట్ల ఉంటాడంటారు, మరి ఉన్నాడనే ఆయన ఉన్నాడా లేడా అని. చిన్నప్పుడు ఆ పద్యం బట్టీపట్టించినప్పుడు మాస్టారు ఆ మాటను గబగబా దాటించేశారు. నాకు మాత్రం మొత్తం ఘట్టంలో మిగిలింది అదే. ఏనుగు అక్కడ మడుగును చూపించి, తామరల్ని చూపించి, ఇవున్నాయి కనుక నువ్వున్నావు అనలేదు. పిలిచింది. మా అమ్మ చేసిందీ అదే. దాన్ని వాదంగా మార్చి బావమరిది ముందు పెడితే ఓడిపోతారు, ఓడిపోవాల్సిన అవసరం లేనిచోట.

పాపను ఎత్తుకుని ఏడ్చినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. పూజ మానాలా అని చివర్లో అడిగారు, ఎందుకు మానడం? నేను చెయ్యను, నాన్న పోలిక. నాన్న దీపం ముందు నిలబడలేదు గానీ ప్రతి నెలా కొట్టు నుంచి అమ్మ దీపానికి నువ్వులనూనె సీసా తెచ్చింది ఆయనే. ఒకసారి మర్చిపోతే ఎండలో మళ్లీ వెళ్లాడు. వాళ్లిద్దరూ ఈ విషయం మీద పోట్లాడుకోగా నేను చూడలేదు.

బావమరిది ఈసారి వచ్చినప్పుడు ఆ వోల్ ఎలుకల సంగతి చెప్పండి, కాస్త కంగారుపడతాడు. అతను బదులుగా కందిరీగ సంగతి చెప్తే మీరూ కాస్త కంగారుపడండి. మా కిటికీ గూడును మాత్రం పనమ్మాయి దులిపేస్తానంటే వద్దన్నాను. నిన్న పొద్దున చూస్తే పక్కన బఠానీ గింజంత కన్నం పడి ఉంది. లోపలి నుంచి కొరికిన కన్నం. గూడు ఖాళీ.